ఇనెస్సా ల్వోవ్నా తిట్టడం మానేసింది

పెర్మ్‌లో మా మంచు మైదానం మీద, మాకు స్కేటింగ్ జంటనాట్యం నేర్పే కోచ్ ఇనెస్సా ల్వోవ్నా చేత తిట్లు తినని పిల్ల లేదు. తిట్లు తిన్నంతకాలం ఏ భయమూ లేదు. ఆవిడ మర్యాదగా మాట్లాడిందా, ఇక గుండెల్లో రాయి పడినట్టే. క్సేనియా అనే పిల్లను ఒకసారి తండ్రి పేరు కూడా కలిపి, ఏదో పెద్దమనిషిని పిలిచినట్టు పిలిచింది. వారం తిరక్కుండా ఆ పిల్ల అల్మారా మీద ఇంకొకరి పేరు అంటించారు. అందుకే మాలో ఎవరికైనా తిట్లు తగ్గితే మిగతావాళ్ళం వాళ్ళ కళ్ళలోకి చూడడం మానేసేవాళ్ళం.

కామా నది అంచులు గడ్డకట్టిన వారం నా వంతు వచ్చింది. జాతీయ పోటీలు ఇంకో నెలలో ఉన్నాయి. నా జోడీ రొదియోన్ నన్ను ఎత్తి తిప్పి దించుతుంటే నా బ్లేడు జారి చతికిలపడ్డాను. "కాళ్ళా అవి, పొయ్యిలో కట్టెలా?" అన్న కేక కోసం భుజాలు ముడుచుకుని కూర్చున్నాను. కేక రాలేదు.

"దెబ్బ తగిలిందా, అగ్నియా పావ్లోవ్నా?" అంది ఇనెస్సా ల్వోవ్నా, కంచె మీద వాలి. "తొందరేం లేదు. కాసేపు కూర్చోండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నా మీంచి చూపులు తిప్పేసుకున్నారు. రొదియోన్ నన్ను చెయ్యి పట్టి లేపాడు.

"ఏంటి అగాషా, ఆవిడకి జ్వరం గానీ వచ్చిందా?" అని నన్ను ముద్దుపేరుతో పిలిచి నవ్వాడు. ఆ నవ్వు కాస్త ఎక్కువసేపు నవ్వాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పదకొండో ఏట మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఎత్తు చూసి, జత కలిపింది ఇనెస్సా ల్వోవ్నానే. మా నాట్యంలో జోడీ లేని ఆడపిల్లకు మంచు మీద పనిలేదు. మగపిల్లలేమో కరువు. ఒక్కో కుర్రాడి వెనక పదిమంది అమ్మాయిల తల్లులు తిరుగుతుంటారు. మా అమ్మ నా కోసం సొలికామ్స్క్‌లో ఇల్లు అమ్మి, ఇక్కడ ట్రామ్ డిపోలో చేరింది. పొద్దున్నే లేచి క్యాబేజీ కూరిన పిరోష్కీ రొట్టెలు కాల్చేది. అవి నాకు కాదు, నేను బరువు పెరగకూడదుగా! రొదియోన్‌కి. నన్ను ఎత్తేవాడు తినాలని, నన్ను వదిలిపోకూడదని. పదకొండేళ్ళు నేను వాసన చూశాను, వాడు తిన్నాడు. ఆ పిండితో మేము జూనియర్లలో పతకం తెచ్చాం, పెద్దవాళ్ళలో ఆరో స్థానం దాకా వచ్చాం. ఈసారి మొదటి మూడింటిలో ఉంటే దేశం తరఫున బయటికి పంపుతారు. లేకపోతే ఇక ముందుకు దారి లేదు.

కాబట్టి నా భయమంతా ఒక్కటే. రొదియోన్‌ని నా దగ్గర్నుంచి తీసేసుకుంటారని.

నాలుగు రోజులకు అది కళ్ళారా చూశాననుకున్నాను. మా గుంపులో చిన్న జంట ఒకటి ఉండేది. పదిహేడేళ్ళ స్తేషా, ఇజేవ్స్క్ నుంచి వచ్చిన సవేలీ. సవేలీ పొడుగ్గా ఉంటాడు, నోట్లోంచి మాట రాదు. ఆ ఉదయం ఇనెస్సా ల్వోవ్నా చప్పట్లు కొట్టింది.

"జోడీలు మార్చుకోండి. ఒక్క చుట్టు, ఊరికే ఒళ్ళు వెచ్చబడడానికి. రొదియోన్, నువ్వు స్తేషాతో. అగ్నియా పావ్లోవ్నా, దయచేసి మీరు సవేలీతో."

దయచేసి! పదకొండేళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినలేదు.

ఆ చుట్టంతా నేను సవేలీ భుజం మీదుగా వెనక్కే చూశాను. రొదియోన్ చెయ్యి స్తేషా నడుం మీద ఉంది. ఆ పిల్ల పలుచగా, తేలిగ్గా, నవ్వుతూ పోతోంది. సవేలీ మధ్యలో "నొప్పిగా లేదుగా?" అని అడిగినట్టు గుర్తు. లేదన్నానో, ఏమీ అనలేదో. తన పొడుగు కాళ్ళను నా అడుగుకు తగ్గట్టు వాడంతట వాడే కుదించుకుంటున్నాడు. ఆ సంగతి నా ఒంటికి తెలిసింది గానీ, బుర్రకెక్కలేదు. ఇనెస్సా ల్వోవ్నా కంచె దగ్గర నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తోంది. ఎవరిని చూస్తోందో నేను గమనించలేదు.

మర్నాడు మళ్ళీ చప్పట్లు కొట్టింది. "మార్చుకోండి."

"నేను మార్చుకోను," అన్నాను. "రొదియోన్ తప్ప ఇంకెవరితోనూ అడుగు వెయ్యను. కాదూ కూడదంటే బూట్లు విప్పేసి పోతాను. ఇంకో మగపిల్లాడి చెయ్యి పట్టేది లేదు."

అందరూ విన్నారు. సవేలీ కూడా విన్నాడు. చెవులు ఎర్రబడి, తల దించుకుని, మంచు మీద బ్లేడుతో గీతలు గీస్తూ నిలబడ్డాడు.

అప్పుడు రొదియోన్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నేనూ అంతే, ఇనెస్సా ల్వోవ్నా. స్తేషాతో నేను ఆడను. ఎప్పటికీ ఆడను. ఒట్టు."

ఆవిడ వాడి వైపు చాలాసేపు చూసింది. అంత అసహ్యంగా ఆవిడ ఎవరినీ చూడగా నేను చూడలేదు. ఎదురు తిరిగాడని కోపం కాబోలు అనుకుని లోలోపల మురిసిపోయాను.

"మీ ఇష్టం, అగ్నియా పావ్లోవ్నా," అంది ఆవిడ. "బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను."

జోడీలు మార్చమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేను గెలిచానన్నారు బట్టలు మార్చుకునే గదిలో అమ్మాయిలు. అయితే తిట్లు మాత్రం తిరిగి రాలేదు. నేను తప్పటడుగు వేస్తే "పరవాలేదు" అనేది. రొదియోన్ ఏమో మరీ మంచివాడైపోయాడు. నా బూట్ల సంచి తనే మోసేవాడు, ఆలస్యంగా వస్తే విసుక్కోవడం మానేశాడు. అమ్మ ఇచ్చిన పిరోష్కీలు మాత్రం డబ్బాలో అలాగే తిరిగొచ్చాయి.

"ఏంరా నాయనా, ఉప్పెక్కువైందా?" అని అడిగింది అమ్మ.

"లేదు పిన్నీ, ఆకలి లేదు," అన్నాడు వాడు, అమ్మ మొహం చూడకుండా.

పోటీలకు చెల్యాబిన్స్క్ రైలు ఎక్కవలసిన ఉదయం వచ్చింది. స్టేషన్ మా ఇంటికి దగ్గర గనక అందరం మా ఇంట్లో కలిసి బయల్దేరడం అలవాటు. ప్రయాణానికి ముందు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం మాటా పలుకూ లేకుండా కూర్చోవాలి, లేకపోతే దారి కలిసిరాదు. అమ్మ బూట్ల పీట మీద, నేను నా పెట్టె మీద కూర్చున్నాం. ఇనెస్సా ల్వోవ్నా కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. రొదియోన్ కోసం ఒక ముక్కాలిపీట వేసి ఉంచాం.

నిమిషం గడిచింది. ఎవరం లేవలేదు. అమ్మ టీ పోసి తెచ్చింది. ఇనెస్సా ల్వోవ్నా ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీలోంచి ట్రాములు వచ్చిపోవడం చూస్తోంది. అంతలో ఫోన్ ఒకసారి వణికింది. చదివి, కళ్ళజోడు తీసేసింది.

"పెట్టె విప్పేయండి, అగ్నియా పావ్లోవ్నా. అతను రాడు. నిన్ననే విమానం ఎక్కేశాడు."

"ఎక్కడికి?"

"వేరే దేశానికి. అక్కడెవరో డబ్బున్నవాళ్ళ అమ్మాయికి జోడీ కావాలట. ఆ జెండా కింద ఆడతాడు. నాకు నవంబరులోనే తెలుసు. ఈ ఒక్క పోటీ ఆడి వెళ్ళరా, దాని బతుకు నిలబెట్టి పోరా అని బతిమాలాను. సరేనన్నాడు. మాట తప్పాడు."

అమ్మ గోడ పట్టుకుంది. నేను ఆవిడ వైపు తిరిగాను. "నాకు చెప్పలేదేం?"

"పోటీ ముందు జంటకు చెడ్డమాట చెప్పకూడదుగా. అందరికీ ఉన్న పట్టింపే. చెప్పకుండానే మీకు చెయ్యవలసింది చేద్దామనుకున్నాను."

అప్పుడు అర్థమైంది. ఆ చుట్టు, ఆ కళ్ళజోడు. ఆవిడ చూసింది స్తేషాని కాదు. నన్నూ, నన్ను పట్టుకున్న వాడినీ.

"సవేలీ..." అన్నాను.

"వాడు మీకు కొలిచినట్టు సరిపోయాడు. రెండేళ్ళలో మిమ్మల్ని పైకి తీసుకెళ్ళేవాడు. కానీ చెయ్యి పట్టనని అందరి ముందూ అన్నారుగా. వాడికీ రోషం ఉంటుంది. మీరు గమనించనే లేదు గానీ, పోయిన సోమవారం స్తేషాతో సహా కజాన్ వెళ్ళిపోయాడు, అక్కడి కోచ్ దగ్గర చేరడానికి. ఇంకెవరూ లేరు. నేను అన్ని ఊళ్ళూ వాకబు చేశాను."

లేచి వెళ్ళి ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆవిడ కోటు అంచు పట్టుకున్నాను.

"తిట్టండి ఇనెస్సా ల్వోవ్నా. మొద్దు అనండి, కట్టె అనండి, రేపు పొద్దున్నే మంచు మీదికి రమ్మనండి. ఒక్కసారి తిట్టండి."

ఆవిడ నా వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా కోటు నుంచి విడిపించింది. బల్ల మీది కప్పు తీసి నా చేతుల్లో పెట్టింది.

"టీ తాగండి, అగ్నియా పావ్లోవ్నా," అంది. "చల్లారిపోతుంది."