కత్తెర ముట్టని చెయ్యి

టైలరమ్మ దుకాణంలో ఒక కట్టడి ఉండేది. గుడ్డ కోసేది ఆవిడ ఒక్కతే. మిషను తొక్కడం, కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం ఆవిడ పెంచిన కూతురి పని. పెళ్ళీడు దాటుతున్నా ఆ పిల్లను కత్తెర ముట్టనివ్వలేదు. దారం తెంపాలంటే పళ్ళతో తెంపుకోవలసిందే. ఇదేం అలవాటమ్మా అని వచ్చినవాళ్ళు నవ్వితే పిల్ల కూడా నవ్వి ఊరుకునేది.

అసలు సంగతి ఇది. పిల్లను కన్నది టైలరమ్మ అక్క. తాగొచ్చి జుట్టు పట్టుకున్న మొగుణ్ణి, ఇదే దుకాణంలో, చేతిలో ఉన్న కత్తెరతో పొడిచింది. వాడు చచ్చాడు. ఆవిడ జైల్లోనే పోయింది. చంటిదాన్ని చెల్లెలు తెచ్చుకుంది. జ్వరమొస్తే కంటి మీద కునుకు లేకుండా కాచుకుంది, కాదనను. కానీ పిల్ల కాస్త గొంతు పెంచిందంటే చాలు, ఆవిడ గుండె గుభేలుమనేది. బొమ్మ చెయ్యి విరిగినా "అక్క పోలికే", గాజు గ్లాసు పగిలినా "అక్క పోలికే". ఏ ఇంట్లో పిల్లలు గ్లాసులు పగలగొట్టలేదండీ?

టైలరమ్మ భర్త మెత్తటి మనిషి. ఆయనకే ఒకరోజు ఒళ్ళు మండి, మీ అక్క రక్తం నీలో లేదా, మరి నీకు కత్తెర ఎవరిచ్చారు అని అడిగేశాడు. పిల్ల ఒంట్లో రాక్షసి ఉందో లేదో గానీ, నువ్వు మాత్రం కొలతలు తీసి మరీ ఒకదాన్ని కుడుతున్నావు అన్నాడు.

ఈమధ్య టైలరమ్మ కళ్ళకు మసకలు కమ్మాయి. లాయరుగారి కోటు గుడ్డ కోస్తుంటే, గీత అటుంది పిన్నీ అని పిల్ల మెల్లగా చెప్పింది. నాకు తెలుసులే అని ఆవిడ కసిగా కోసేసింది. ముందు భాగం కాస్తా పనికిరాకుండా పోయింది. లాయరుగారు వచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా మిగిలిన గుడ్డ తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. ఇంకా నాలుగు కోటు గుడ్డలు బల్ల మీద ఉన్నాయి. కోత ఆగితే దుకాణం మూతే.

మర్నాడు టైలరమ్మ కత్తెర పిల్ల ముందుకు తోసింది.

"ఇక నువ్వే కొయ్యి."

పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దు పిన్నీ."

సందు దొరికింది కదా, సాధించు అని ఆవిడ నిష్ఠూరమాడింది.

"సాధింపు కాదు పిన్నీ. నిన్న లాయరుగారు అలా వెళ్ళిపోతుంటే నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా? ఒళ్ళంతా వణికింది. నా చేతిలో ఏమీ లేదు కాబట్టి సరిపోయింది."

"కోపం ఎవరికి రాదే? నాకు రాదూ?"

"నీ సంగతి వేరు. నాది అమ్మ పోలిక."

ఇన్నేళ్ళూ టైలరమ్మ ఏ మాట అంటూ భయపడి పెంచిందో, ఆ మాటే పిల్ల నోట ఇంత నిబ్బరంగా వస్తోంది. గబగబా పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మ చెడ్డది కాదే. ఆరోజు వాడు దాన్ని చంపేసేవాడు. ప్రాణం కాపాడుకుంది, అంతే. నీలో ఏ దోషమూ లేదు తల్లీ. అంతా నా పిచ్చి భయం."

పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండుననిపించింది టైలరమ్మకు.

"ఊహ తెలిసినప్పటినుంచీ నువ్వు చెప్పిందే నమ్మాను. ఇవాళ కళ్ళు కనపడక ఇంకోటి నమ్మమంటున్నావు. నా వల్ల కావట్లేదు పిన్నీ."

పిల్ల నాలుగు గుడ్డలూ మడతపెట్టి, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చి రావడానికి చెప్పులు వేసుకుంది.