వెంకటనారాయణ పిలిచిన పేర్లు

వెంకటనారాయణ మోపెడ్ తోసుకుంటూ యార్డులోకి వచ్చేసరికి ఆడవాళ్ళు జామాయిల్ దుంగల బెరడు ఒలుస్తున్నారు. సారపాక కాగితం మిల్లుకు కర్ర తోలే కాంట్రాక్టరు సారంగపాణిది ఆ యార్డు. ఏటా జనవరిలో ఇలాంటి కాంట్రాక్టర్ల దగ్గర ఎంతమంది పనిచేశారో లేబరాఫీసుకు రాసిపెట్టడం వెంకటనారాయణ పని. పొట్టి మనిషి. చెవి వెనక పెన్ను, మెడచుట్టూ వెలిసిన మఫ్లరు. మనిషిని కళ్ళారా చూడనిదే పేరు రాయడు.

అది ఇల్లెందు బొగ్గుబాయిలో అబ్బిన అలవాటు. వయసంతా అక్కడే మస్టరు గుమస్తాగా గడిచింది. సైరను కూయగానే బాయి మొగదల నిలబడి పేర్లు పిలిచేవాడు. ఒకడు "ఉన్న" అనేవాడు, ఒకడు దగ్గేవాడు, ఒకడు పాటందుకునేవాడు. మసక చీకట్లో ముఖాలు కనబడకపోయినా గొంతును బట్టి మనిషిని పోల్చుకునేవాడు. బాయి మూతపడి చాలాకాలమైంది. అయినా చలిగాలి వీస్తే తడిబొగ్గు వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది.

సారంగపాణి కుర్చీ వేయించాడు.

"కాకా, డ్రైవర్లను, లోడింగోళ్ళను రాయి, చాలు. గీ ఆడోళ్ళు మేస్త్రీ తోలుకొచ్చిన మనుషులు. వీళ్ళను గూడ రాస్తే నాకు లేని తిప్పలు."

"పని నీ యార్డుల చేస్తున్నరు గద."

"అందరు గట్లనే రాపిచ్చుకుంటున్నరు. నువ్వు రాయనంటే ఇంకొకణ్ణి చూసుకుంట."

వెంకటనారాయణ పెన్ను మూత బిగించాడు. లేవలేదు.

"మీ నాయిన మా బాయిల ఏనాడూ 'ఉన్న' అనలే, ఎరుకేనా? పేరు పిలువంగనే ఈల ఏసేటోడు. బాయి కప్పు కూలిన దినం గూడ ఈల ఏసే దిగిండు. గప్పుడు బదిలీ మనిషి, పర్మినెంటు గాదు. రాయకున్నా అడిగేటోడు లేడు. నేను రాసిన. గందుకే, పైకొచ్చినోళ్ళల్ల ఒకడు తక్కువున్నడని తెలిసింది. మళ్ళ తవ్విన్రు."

కుంటికాలితో బయటపడ్డ తండ్రి, ఆ తర్వాత బతికినంతకాలం మంచం మీద కూర్చుని ఈల వేస్తూ సారంగపాణిని నవ్వించేవాడు. లోపల ఎక్కడో ఆ ఈల వినబడింది కాబోలు, అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అందర్నీ రాయి కాకా."

ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కమ్లి అంటరు సారూ. పెద్ద పేరేం లేదు."

"ఇంటిపేరు?"

"బాణోత్."

"బాణోత్ కమ్లీ!" అని బాయి మొగదల పిలిచినట్టు గొంతెత్తి పిలిచాడు. యార్డంతా మారుమోగింది.

"ఉన్న సారూ!" అంటూ ఆమె ఫక్కున నవ్వింది. మిగతావాళ్ళు తమ పేరు కూడా అట్లాగే పిలవమని వెంటపడ్డారు. ప్రతి ఒక్కరినీ పిలిచాడు. ఎన్నో ఏళ్ళకు ఆయన గొంతు తిరిగి వయసులో పడింది.

సారంగపాణి సంతకం పెట్టాక వెంకటనారాయణ రేకుల షెడ్డు నీడలో దుంగకు ఆనుకుని కూర్చున్నాడు. మాటల్లో ఆయనకో మనవరాలుందని విని, ఆ పిల్లకిమ్మని కమ్లి రుమాలులో రేగుపళ్ళు మూటగట్టి మోపెడ్ హ్యాండిల్‌కు తగిలించింది. అలసి కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదు. అన్నాలవేళ ఆమే దగ్గరకెళ్ళి "సారూ" అంది. మళ్ళీ అంది. ఆయన పలకలేదు.

మర్నాడు దహనం అయ్యాక సారంగపాణి తానే ఆ కాగితాలు పట్టుకుని గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్ళి లేబరాఫీసులో ఇచ్చివచ్చాడు. యార్డు గేటు పక్కన మోపెడ్ అట్లాగే నిలబడి ఉంది. కర్రలారీ పోయినప్పుడల్లా దాని హ్యాండిల్‌కు రేగుపళ్ళ మూట మెల్లగా ఊగుతోంది.