వెనక తొంభై ఏడుగురు

ఆ శనివారం నేను నలభై కప్పుల టీ పెట్టాను. స్కూలు మా ఇంట్లోనే. ముందు గది ఆఫీసు, వెనక వంటిల్లు, మధ్యలో పూల కర్టెను. పెరట్లో రేకుల షెడ్ల కింద తరగతులు. శంషాబాద్ రోడ్డు మీదికి కనబడేలా కట్టిన బోర్డు మీద కరస్పాండెంటు అని మా ఆయన ప్రేమ్ రాజ్ పేరుంటుంది. గుర్తింపు కోసం విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చిన కాగితాల్లో మాత్రం హెడ్‌మిస్ట్రెస్ సునీల, బీఎస్సీ, బీఎడ్ అని నా పేరుంది. ఆయనకు బీఎడ్ లేదు మరి. ఆరేళ్ళుగా ఏడో తరగతికి లెక్కలు చెప్తున్నాను, అందరికీ టీ పెడుతున్నాను, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేస్తున్నాను. జీతం మాట ఒక్కసారే ఎత్తాను. "మన స్కూలే గదా సునీలా, మనకు మనమే జీతమిచ్చుకుంటమా?" అన్నాడు ప్రేమ్ రాజ్. నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు, అంటే తొంభై ఆరులో, ఆయన ఎక్కడో విని వచ్చి ఢిల్లీ నుంచి ఒక పరీక్ష తెప్పించాడు. జవాబులు రాయక్కరలేదు, పెన్సిలుతో సున్నాలు నింపితే చాలు, కంప్యూటరే దిద్దుతుంది. దేశంలో ఆ పరీక్ష రాసిన పిల్లలందరిలో మన పిల్లలు ఎక్కడున్నారో చెబుతుందని కరపత్రాలు కూడా పంచాడు. జనవరిలో రిపోర్టులు వచ్చాయి. అంచులకు చిల్లులున్న పొడవాటి కాగితాలు, అంతా ఇంగ్లీషు, అడుగున పర్సెంటైల్ అని ఒక అంకె. తల్లిదండ్రులకు వాటిని వివరించడానికే ఆ శనివారం మీటింగు. వివరించేది ఆయన, టీ ఇచ్చేది నేను.

టీ వడగడుతుంటే కర్టెను అవతల నుంచి ఆయన గొంతు వినబడింది. "మీవోనిది మూడు, మల్లేశ్వర్. నూరు మందిల మూడో నంబరు. మాటలా?"

నా చెయ్యి ఆగిపోయింది. పర్సెంటైల్ అంటే ర్యాంకు కాదు. డిగ్రీలో మా లెక్చరరు మేడమ్ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నూరు మందిని వరసగా నిలబెట్టండి, మీ వెనక ఎంతమంది ఉన్నారో అదే మీ పర్సెంటైల్. మల్లేశ్వర్ కొడుకు వెనక ఉన్నది ముగ్గురే. ఆ అమాయకుడు అప్పటికప్పుడు పెద్ద కొడుకును హోటలుకు పంపి జిలేబీలు తెప్పించాడు. ప్రేమ్ రాజ్ రెండు తిన్నాడు.

తర్వాత కుర్మయ్య, చంద్రమ్మ వచ్చారు. పక్క ఊళ్ళో ఎకరన్నర పొలం, తెల్లారితే కూరగాయలు కోసి అమ్ముకునే మనుషులు. కొడుకు జగన్ ఎనిమిదో తరగతి, కూతురు ప్రేమలత నా ఏడో తరగతి. నేను లెక్క బోర్డు మీద రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడే పిల్ల.

"జగన్ తొమ్మిది, ప్రేమలత తొంభై ఏడు," అన్నాడు మా ఆయన. "పోరడు పైకొస్తడు కుర్మయ్యా. షాద్‌నగర్ల మంచి హాస్టలున్నది, ఆడ ఎయ్యి. పొల్లకైతే సదువు ఎక్కుతలేదు, అంతే."

"గట్లనా సార్. ఇద్దర్ని సదివిచ్చుడు నాతోని యాడైతది? పొల్ల ద్రాచ్చ తోటకు పోతది తియ్యి," అన్నాడు కుర్మయ్య. అతని గొంతులో బాధ ఉంది. లేదని చెప్తే అబద్ధమే.

నేను ట్రేతో కర్టెను దాటాను. చంద్రమ్మ నా మొహంలోకి చూసింది. "నిజమేనా మేడమ్? నా బిడ్డ గంత ఎనకబడ్డదా?"

గదిలో పదిహేను మంది ఉన్నారు. ప్రేమ్ రాజ్ నా వైపు చూస్తున్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల జీవితం ఆ క్షణంలోనే దారిన పడేది. నేనేమన్నానో తెలుసా? "టీ తాగక్కా, చల్లారిపోతది," అన్నాను.

ఆ మధ్యాహ్నం బోరింగు దగ్గర కప్పులు కడుగుతుంటే మొదటిసారి చూశాను వాళ్ళను. అవతల రోడ్డు పక్కన పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. అందరూ నాకు వీపు పెట్టి ఉన్నారు. మీటింగుకు వచ్చిన పిల్లలే ఆడుకుంటున్నారేమో అనుకున్నాను. కానీ పిల్లలు అంత నిశ్శబ్దంగా ఎక్కడుంటారు? లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, నా కొంగు గాలికి ఎగురుతోంది, వాళ్ళ బట్టలు మాత్రం కదలడం లేదు. కప్పు కింద పెట్టి మళ్ళీ చూసేసరికి ఎవరూ లేరు.

ఆ రోజే ఆయనకు చెప్పాను. "అది ర్యాంకు కాదు. తొంభై ఏడంటే ముందట ఇద్దరే ఉన్నట్టు."

ప్రేమ్ రాజ్ కాగితం తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అందరికి గట్లనే చెప్పిన గదా. ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? స్కూలు నిలుస్తదా? ఒక్క పొల్ల కోసం ఇల్లు కూలగొట్టుకుంటవా?" అరిచి ఉంటే నేనూ అరిచేదాన్నేమో. బతిమాలినట్టు అన్నాడు. ఆ బతిమాలడానికి నేను ఎప్పుడూ లొంగిపోతాను, అది ఆయనకూ తెలుసు.

సోమవారం హాజరు పిలిచాను. ట్వెంటీ ఫైవ్, ట్వెంటీ సిక్స్. ప్రేమలతది ఇరవై ఏడు. ఆ పిల్ల రాదని తెలిసి కూడా అలవాటుకొద్దీ "ట్వెంటీ సెవెన్" అనేశాను.

"ప్రజెంట్ మేడమ్."

సన్నటి గొంతు, స్పష్టంగా వినబడింది. తలెత్తి చూశాను. ప్రేమలత కూర్చునే చోటు ఖాళీగా ఉంది. తరగతి మొత్తం కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. అంటే వాళ్ళకూ వినబడిందన్నమాట. ఎవరు పలికారని అడగకుండా తల దించుకుని తర్వాతి నంబరు పిలిచాను. మంగళవారం కూడా అంతే. బుధవారం ఇరవై ఆరు దగ్గర ఆగి, ఇరవై ఎనిమిదికి దూకుదామనుకున్నాను. నాలుక వినలేదు.

వరస రోజురోజుకీ దగ్గరికొస్తోంది. రోడ్డు పక్క నుంచి గేటు దాకా వచ్చింది, గేటు నుంచి బోరింగు దాకా వచ్చింది. గురువారం పట్టపగలు నీళ్ళ బిందెతో వాకిట్లోకి వస్తుంటే, అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్న మా అత్త లీలమ్మ గొంతెత్తింది. "నడి వాకిట్ల గట్ల ఒంకరటింకర నడుస్తవేందే? నీళ్ళన్ని పారబోస్తున్నవ్." అప్పుడు గానీ నాకు తెలియలేదు, నేను పిల్లలను తప్పించుకుంటూ నడుస్తున్నానని. భుజానికి భుజం తగలకుండా, ఒక్కొక్కరినీ తప్పుకుంటూ వచ్చాను. చిట్టచివరి పిల్లవాడి మడమలు వంటింటి గడప మీద ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే వాకిలి ఖాళీగా ఉంది, నా తడి అడుగులు మాత్రం పాము పోయినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి.

"రక్తం తక్కువైనట్టున్నది. దవాఖానకు తోల్కపో," అన్నది అత్త మా ఆయనతో. "పని ఎక్కువైందేమో" అన్నవాళ్ళు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ లేరు.

శుక్రవారం వాళ్ళలో ఒకరు కదిలారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. వరస మొదట్లో, ముందు నుంచి మూడో పిల్ల, మెల్లగా మెడ తిప్పసాగింది. చెవి కనబడింది, జడ కనబడింది. ప్రేమలతే అనుకున్నాను. కానీ జడ కొసన ఉన్న పచ్చ రిబ్బను ప్రేమలతది కాదు. ఏడో తరగతిలో మా అమ్మ నాకు అలాంటిదే కొనిచ్చింది. మొహం పూర్తిగా ఇటు తిరగకముందే కిటికీ తలుపు మూసేశాను. వేళ్ళు నలిగాయి. చిన్నపిల్లలా ఏడ్చాను, నొప్పికి కాదు.

మరుసటి సోమవారం పొద్దున్నే కుర్మయ్య, చంద్రమ్మ మళ్ళీ వచ్చారు. జగన్‌ను షాద్‌నగర్ హాస్టల్లో వెయ్యడానికి టీసీ కావాలి. పనిలో పనిగా ప్రేమలత టీసీ కూడా తీసుకుని స్కూలు నుంచి పేరు కొట్టించేద్దామని వచ్చారు. ప్రేమ్ రాజ్ రెండూ రాసి పెట్టాడు. నన్ను పిలిచి పుస్తకం నా ముందుకు జరిపాడు.

"గీడ గీడ సంతకం పెట్టి, జర రెండు చాయ్ తే."

హెడ్‌మిస్ట్రెస్ అన్న అక్షరాల పైన ఖాళీ గీత. ఆరేళ్ళలో ఆ గీతల మీద ఎన్నిసార్లు చదవకుండా రాశానో లెక్కలేదు. ఆ రోజు చదివాను. బడి మానుటకు కారణం అన్నచోట "చదువులో వెనుకబడుట" అని ఉంది, మా ఆయన గుండ్రటి దస్తూరీలో. ఆ సంతకం లేకుండా ఈ పిల్ల ఈ బడి నుంచి పోదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియదు. పెన్ను మూత పెట్టేశాను. బయటికి వెళ్ళి గంట కొట్టాను.

స్కూల్లో నూట డెబ్బై మంది పిల్లలున్నారు. తొంభై తొమ్మిది మందిని లెక్కపెట్టి ఒకే వరసలో నిలబెట్టాను, గేటు నుంచి వంటింటి గడప దాకా. ముందు నుంచి మూడో చోటు ఖాళీగా వదిలాను. అందరూ అటు తిరిగి నిలబడ్డారు. ఆ వీపులు, అచ్చం నేను చూసిన వరసే. అయితే ఈ పిల్లలు గోకుతున్నారు, తోసుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఆ నవ్వులు విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

"కుర్మయ్యన్నా, ఎనక నుంచి లెక్కవెట్టుకుంట నడువు."

అతను బిత్తరపోయి మా ఆయన వైపు చూశాడు. తర్వాత నడిచాడు. తొమ్మిది మందిని దాటాక ఆపాను. "మీ జగన్ ఈడున్నడు. తొమ్మిదంటే ఎనక తొమ్మిది మంది. పోరడు మంచోడే, హాస్టల్ కాదు, ఇంట్ల కూసోవెట్టి చెప్తే వస్తది. ఇగ ముందుకు నడువు, నీ బిడ్డ కాడికి."

ఇరవై, నలభై, అరవై. అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎనభై దాటాక అడుగు నెమ్మదించింది. తొంభై ఏడు దగ్గర ఖాళీ వచ్చి ఆగిపోయాడు.

"ఈడెవ్వరు లేరు గదా మేడమ్."

"ఉన్నది. తోటల ఉన్నది."

చంద్రమ్మ గబగబా నడిచి వెళ్ళి ఆ ఖాళీలో నిలబడింది. ముందుకు చూసింది, వెనక్కి తిరిగి ఆ వరసంతా చూసింది. "ముందట ఇద్దరే," అన్నది. మళ్ళీ అన్నది. తర్వాత నన్ను చూసింది. "మరి ఆనాడెందుకు చెప్పకపోతివి మేడమ్?"

"భయపడ్డ అక్కా. చాయ్ తాగుమన్న. తప్పు నాదే." గుమ్మంలో ప్రేమ్ రాజ్ టీసీ పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. "కాగితాలు తీసుకున్నోళ్ళందరికి కబురు పంపుతున్న. మల్లేశ్వర్‌కు గూడ. ఈసారి నేను చెప్త."

ఇంట్లో రెండు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. వాకిట్లో తిన్నగా నడిచాను.

బుధవారం ప్రేమలత వచ్చింది. ద్రాక్ష గుత్తులు కోసి కోసి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. హాజరు పిలుస్తూ ఇరవై ఏడు దగ్గరికి వచ్చాను. "ప్రజెంట్ మేడమ్," అని లేచి నిలబడింది. బొంగురు గొంతు. నేను విన్న గొంతు అది కాదు. అప్పుడు ఆ పిల్ల కూర్చోకుండా సిగ్గుపడుతూ అడిగింది.

"మేడమ్, నేను లేనప్పుడు దినాం నా నంబరు మీరే పిలిచి, మీరే ప్రజెంట్ అన్నరంట గదా. చిన్నపిల్ల లెక్క. అందరు చెప్పిన్రు."

తరగతి మొత్తం నన్నే చూస్తోంది, ఆ రోజు చూసినట్టే.

అవతల ఆఫీసు గదిలోంచి కేక వినబడింది. "సునీలా, నాలుగు చాయ్!" ఎవరో వచ్చినట్టున్నారు. కాసేపటికి మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా పిలిచాడు.

"ట్వెంటీ ఎయిట్," అన్నాను నేను.