ముప్పై ఏడో క్యాసెట్

గులాబీ మడికి నీళ్లు తిప్పి, పైపు జారిపోకుండా దాని మీద ఇటుక పెట్టి, పౌలు చేతులు కడుక్కున్నాడు. లుంగీకి తుడుచుకుంటే సరిపోదు. వేళ్లకు తడి ఉంటే ఫోను మాట వినదు. వరండా మెట్టు మీద ఉంచుకున్న తువ్వాలు ముక్కతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. కుడి బొటనవేలు రెండుసార్లు తుడిచాడు. ఎప్పుడో కొమ్మలు కత్తిరించే కత్తెర పడి ఆ గోరు నిలువునా చీలింది, మళ్లీ కలవలేదు. రెండేళ్లుగా ఆ వేలితోనే పాటలు వెతుకుతున్నాడు.

"వచ్చావా?" అంది రుక్మిణమ్మ పేము కుర్చీలోంచి. ఆమె అతన్ని అడుగుల చప్పుడుతోనే గుర్తుపడుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకూ పొర కమ్మింది. మెడ మీద అడ్డంగా తెల్లటి గీత ఉంది. నలభై ఏళ్ల వయసులో గొంతుకు ఆపరేషను జరిగింది. అప్పటి నుంచి ఆమె మాట ఎండుటాకు మీద నడిచినట్టే ఉంటుంది. సిటీలో ఆడపిల్లల కాలేజీలో సంగీతం చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎనిమిదేళ్ల కిందట అన్న కూతురు ప్రగతి ఈ అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌కు తీసుకొచ్చి పెట్టుకుంది. ప్రగతీ, ఆమె భర్తా గండిపేటలో ఉంటారు, ఆదివారాలు వస్తారు. మిగతా ఆరు రోజులూ ఈ ఇంట్లో ఉండేది రుక్మిణమ్మ, తోటమాలీ వాచ్‌మనూ అయిన పౌలు, మధ్యాహ్నం వచ్చి వంట చేసిపోయే కృష్ణమ్మ.

పౌలు నేల మీద కూర్చుని, ఆమె ఒళ్లోని ఫోనూ, పొడవాటి నోటుబుక్కూ తీసుకున్నాడు. అందులో ముప్పై ఏడు వరసలున్నాయి. ముందు అంకె, తరువాత పాడినవాళ్ల పేరు, రాగం, ఊరు, సంవత్సరం, చివర 'దొరికిన చోటు' అని ఒక గడి. పోయిన క్యాసెట్లన్నిటినీ ఆమె జ్ఞాపకం నుంచి వంకర అక్షరాలతో రాసుకుంది. ఇరవై రెండు వరసలకు టిక్కులు పడ్డాయి. ఇక దొరకవని పదమూడింటికి అడ్డగీతలు. ముప్పై ఏడో వరసలో అంకె తప్ప ఏమీ లేదు.

"పందొమ్మిది చూద్దాం," అందామె. "నిన్న సగంలో ఆపాం."

ఎవరో రిటైరైన ఇంజనీరు తన ఇంట్లోని పాత రికార్డింగులన్నీ ఒక సైటులో ఎక్కించాడు. ఒక్క కాంభోజి రాగంలోనే వందకు పైన ఉన్నాయి. పౌలు ఒక్కొక్కటీ నొక్కుతుంటే ఆమె రెండు నిమిషాలు విని, కాదు అనేది. ఆ రోజు తంబుర ఇంత బాగా కలవలేదు, కాదు. ఆ హాల్లో ఫ్యాను కిర్రుమనేది, కాదు. నాలుగోది మొదలుపెట్టగానే ఆమె వేలెత్తింది.

"ఆగు. ఇప్పుడు వయొలిన్ తీగ తెగుతుంది చూడు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. గొంతు పైకెక్కుతూ ఎక్కుతూ ఉండగా టప్‌మని చప్పుడైంది. ఎవరో దగ్గారు. గొంతు మాత్రం ఆగలేదు.

రుక్మిణమ్మ కుర్చీ చేతి మీద కొట్టింది. "ఇదే. మూడో వరసలో కూర్చున్నాను నేను. టిక్కు పెట్టు."

పౌలు టిక్కు పెట్టాడు. ఈ రెండేళ్లలో అతనికీ చెవి పట్టుబడింది. ఆదివారం ఊళ్లో చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే మనిషే గాని, ఈ పాటలు మొదట్లో అతనికి నీళ్లు పుక్కిలించినట్టు వినపడేవి. ఇప్పుడు తోడి ఏదో కల్యాణి ఏదో పైపు పట్టుకుని దూరం నుంచే చెబుతాడు.

"నువ్వు లేకపోతే ఇవేవీ నాకు మళ్లీ దక్కేవి కావు పౌలూ," అందామె.

ఆ మాట ఆమె వారానికోసారైనా అంటుంది. అన్నప్పుడల్లా పౌలు తల వంచుకుని చీలిన గోరు చూసుకుంటాడు. ఆ క్యాసెట్లు పోగొట్టింది అతనే.

ఆమె వచ్చిన కొత్తలో గదికి రంగులేస్తున్నారని ఒక అట్టపెట్టెను పంపు గదిలో ఉంచారు. తరువాత ప్రగతి భర్త పంపు గదిలో పాత సామాను ఏదుంటే తీసెయ్యమన్నాడు. పెట్టె తెరిస్తే క్యాసెట్లు, వాటి మీద నీలం ఇంకు రాత. ఎవరినీ అడగలేదు. అది జనవరి, చేవెళ్ల దాటినాక షాబాదు దారిలో ఉన్న తన ఎకరంన్నరలో జొన్న పాలు పోసుకుంటోంది. పిట్టలు గుంపులుగా పడుతున్నాయి. క్యాసెట్ రీలును రెండు కట్టెల మధ్య మెలిపెట్టి బిగించి కడితే గాలికి మోగుతుంది, ఎండకు మెరుస్తుంది, పిట్ట వాలదు. ఊళ్లో అందరూ చేసే పనే. అతనూ పెట్టె బండి మీద పెట్టుకుపోయి, ముప్పై ఏడు క్యాసెట్లూ రాయితో పగలగొట్టి చేను నిండా కట్టాడు.

వానలు మొదలయ్యాక రుక్మిణమ్మ ఆ పెట్టె సంగతి అడిగింది. "పంపుగదిల వాన గొట్టి మొత్తం పాడైనయమ్మా, పారేసిన," అన్నాడు. నోటికి వచ్చిన మాట. ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె తననే తిట్టుకుంది. నాదే బుద్ధి తక్కువ, లోపల పెట్టుకోవలసింది అని. ఆ మాట ఆరేళ్లపాటు అప్పుడప్పుడూ అంటూ వచ్చింది. వినలేక పౌలు, నర్సింగ్ చదివే కూతురు జెన్నీని అడిగి, పాత పాటలు ఫోనులో ఎట్లా వెతకాలో నేర్చుకొచ్చాడు. అన్నీ దొరికిపోతే తన తప్పు లేనట్టే అవుతుందని అతని లెక్క.

"ఇక ముప్పై ఏడు," అంది రుక్మిణమ్మ. "అది దొరకదు. అయినా ఒకసారి నా పేరు కొట్టి చూడు."

"నీ పేరా అమ్మా?"

"నేనే పాడింది. ఇరవై ఆరేళ్లప్పుడు, ఒక స్నేహితురాలి ఇంట్లో, గంటసేపు భైరవి. గొంతు పోయాక అదొక్కటే మిగిలింది నాకు."

పౌలు అక్షరాలు కూడబలుక్కుంటూ కొట్టాడు. ఫోనులో నుదుట పెద్ద బొట్టుతో ఒకావిడ ప్రత్యక్షమై, అల్లం పచ్చడిలో బెల్లం ఎంత వేయాలో చెప్పసాగింది. రుక్మిణమ్మ పడీపడీ నవ్వింది.

"ఆవిడ నాకంటే పేరున్న మనిషి. ఆపెయ్యి, పాపం." నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. "మిగతా ముప్పై ఆరూ పోయినా ఊరుకుందును. అవి లోకంలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయి. దాన్ని కూడా పంపు గదిలో వదిలేశాను చూడు, నన్నేమనాలి?"

గులాబీ మడి నిండి నీళ్లు బాట మీదికి పారుతున్నాయి. పౌలు లేవలేదు.

"అమ్మా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

"ఆ డబ్బా వానకు తడ్వలే. నేనే తీస్కపోయిన. జొన్నకు పిట్టలు పడుతున్నయని రీలు గుంజి చేన్ల కట్టిన."

ఆమె ముఖం ఇటు తిరగలేదు. "అన్నీనా?" అంది.

"అన్ని."

"పిట్టలు పోయాయా?"

"రెండు దినాలు పోయినయి. మూడో దినం సంది ఆ రీలు మీదనే కూసున్నయి."

రుక్మిణమ్మ పెదవులు కదిలాయి. అది నవ్వో కాదో పౌలుకు తెలియలేదు. చీర కొంగు అంచును మడతమీద మడత వేస్తూ కూర్చుంది. తరువాత తన ఫోనులో శ్రుతిపెట్టె పెట్టమంది. తంబుర మోగడం మొదలయింది.

"గాలికి ఎట్లా మోగేదో ఒకసారి అను."

"నేనా అమ్మా?"

"విన్నది నువ్వే కదా."

పౌలు గొంతు సవరించుకుని, నోరు మూసి ఊఁ అన్నాడు.

"పైకి వెళ్లావు. చేలో గాలి అంత పైన ఉండదు. మళ్లీ."

మళ్లీ అన్నాడు. ఆమె అవునని గాని కాదని గాని అనలేదు. "మిగిలిందేమైనా ఉందా?"

"కొట్టంల ఒక కట్టెకు సుట్టి పెట్టింది ఉండాలె. అది యే క్యాసెట్‌దో మాత్రం నాకు ఎర్క లేదు."

"తీసుకురా."

"ఇప్పుడా? కృష్ణమ్మ వచ్చినంక పోత."

"ఇప్పుడే." కోపం లేదు గొంతులో, మరేమీ కూడా లేదు. "తలుపు దగ్గరికి వేసి పో."

రోజూ పది గంటలకు ఆమెకు రెండో కాఫీ అతనే కలిపి ఇస్తాడు. ఇవాళ ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తురాలేదు. పైపు కట్టేసి, బండి బయటికి తీస్తుంటే గేటు దగ్గర కృష్ణమ్మ ఎదురైంది. పొద్దున్నే పక్క ఫామ్‌హౌస్‌లో గిన్నెలు తోమడానికి పోతోంది.

"ఏం పౌలన్నా, కచేరి ఐపోయిందా? చెట్లేమో ఎండవట్టె, బాటేమో తడ్వవట్టె."

"అమ్మ ఒక్కతే ఉన్నది. జర జల్దీ రా," అన్నాడు పౌలు.

"రోజు రానట్టు చెప్తున్నవ్," అంది కృష్ణమ్మ.

మొయినాబాదు, చేవెళ్ల దాటి చేను చేరేసరికి గంట పట్టింది. అతని భార్య కరుణమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది. వేళకాని వేళ వచ్చిన మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"పని పోయిందా ఏంది?"

"పోలే. పిట్టలకు కట్టిన రీలు ఉండాలె కదా, యాడున్నది?"

"ఎన్మిదేండ్లకు యాదికొచ్చిందా? గిప్పుడు చేన్ల జొన్న యాడున్నది, పిట్టలు యాడున్నయి?" అంటూనే కొట్టంలోకి వెళ్లింది. వాసాల సందులోంచి దుమ్ము కొట్టుకుపోయిన కందికట్టె తీసింది. దానికి అరచేయంత మందాన గోధుమరంగు రీలు చుట్టి ఉంది. పైచుట్లు ముట్టుకుంటే పొడి రాలింది. లోపలి చుట్లు ఇంకా నిగనిగలాడుతున్నాయి.

"అమ్మకు చెప్పిన," అన్నాడు పౌలు.

కరుణమ్మకు ఆ సంగతంతా తెలుసు. కట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఏమన్నది?"

"తెమ్మన్నది."

"గంతేనా?"

"గంతే."

కట్టెను చొక్కాలో, ఛాతీకి ఆనించి పెట్టుకున్నాడు. దారిపొడవునా మనసులో అదే లెక్క. ముప్పై ఏడింటిలో ఒకటి. జెన్నీ సిటీలో ఎవరినైనా అడుగుతుంది. దీన్ని మళ్లీ క్యాసెట్ డబ్బాలో ఎక్కించేవాళ్లు ఎక్కడో ఉంటారు. భైరవి అయితే మొదటి నిమిషంలోనే తను గుర్తుపడతాడు. మొయినాబాదు దగ్గర జేబులో తన ఫోను మోగింది. ఆగితే ఆలస్యమవుతుందని ఎత్తలేదు. మళ్లీ మోగింది.

గేటు తీసి ఉంది. ప్రగతి కారు అడ్డంగా ఆపి ఉంది. మెట్ల దగ్గర తను పొద్దున వదిలిన తువ్వాలు ముక్క పక్కన రెండు జతల చెప్పులున్నాయి. లోపలి నుంచి తంబుర వినిపిస్తోంది.

రుక్మిణమ్మను మంచం మీద పడుకోబెట్టారు. గడ్డం కింద నుంచి తెల్లగుడ్డ కట్టారు. మెడ మీది గీత దాని కింద దాగిపోయింది. "నేను వచ్చేవరకు కుర్చీలనే ఉన్నది," అంది కృష్ణమ్మ మెల్లగా. "పండుకున్నదనుకున్న. అన్నం ఉడికినంక లేపుదామని పోయిన." తరువాత రుక్మిణమ్మ ఫోను అతని చేతికిచ్చింది. "గిది ఎట్ల బందు చెయ్యాలె అన్నా? మాకెవ్వరికి తెల్వలే."

పౌలు తెర చూశాడు. శ్రుతి తను పెట్టి వెళ్లిన చోట లేదు. రెండు మెట్లు కిందికి దించి ఉంది. కనపడని కళ్లతో, వేలితో తడుముకుంటూ దించింది. కాసేపు అట్లాగే పట్టుకుని, బొటనవేలితో ఆపేశాడు.

డాక్టరు గుండె అన్నాడు, ఈ వయసులో మామూలే అన్నాడు. ప్రగతి ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకుంటూ నోటుబుక్కు తిప్పుతోంది.

"పౌలూ, పొద్దున అత్త బానే ఉందా? ఏదైనా బాధపడిందా?"

"లేదమ్మా. మంచిగనే ఉన్నది. పాటలు విన్నది."

"ఇక్కడేదో రాసింది చూడు. ముప్పై ఏడు. పేరు లేదు, రాగం లేదు. దొరికిన చోటు, జొన్నచేను అని. ఇదేంటి?"

పౌలు వంగి చూశాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. పక్కన టిక్కు లేదు, అడ్డగీతా లేదు.

"తెల్వదమ్మా," అన్నాడు.

ఆమెను గండిపేటకు తీసుకుపోయే బండి నాలుగింటికి వచ్చింది. పౌలు ఒక పక్క పట్టాడు. వంగినప్పుడు చొక్కాలోని కట్టె పక్కటెముకలకు గుచ్చుకుంది. గేటు వేసి వచ్చి, కుర్చీ గోడవారగా జరిపి, కాఫీ గ్లాసు కోసం చూశాడు. గ్లాసు లేదు. ఇవాళ ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. చొక్కాలోంచి కట్టె తీసి వరండా పిట్టగోడ మీద పెట్టి, పైపు పట్టుకుని మళ్లీ గులాబీల దగ్గరికి వెళ్లాడు.

సాయంత్రపు గాలి లేచింది. కట్టె నుంచి బారెడు రీలు ఊడి, పిట్టగోడ అవతల వేలాడుతూ కొట్టుకోసాగింది. అవతలి కొస దేనికీ కట్టి లేదు గనుక అది మోగలేదు.