షోరూమ్ కారుకు పసుపూ కుంకుమా

హైమావతికి ఆ కారు కావాలి. ఇందులో దాపరికమేమీ లేదు. నల్లగా నిగనిగలాడే జర్మన్ కారు, తలుపు వేస్తే చప్పుడు కూడా మర్యాదగా వస్తుంది. ధర మాత్రం నేను చెప్పను. చెబితే మీరు కథ వదిలేసి లెక్కలు వేసుకుంటూ కూర్చుంటారు.

భర్త మల్లికార్జున్‌కి వద్దు. స్తోమత లేక కాదు. ఆయన క్లౌడ్ ఆర్కిటెక్టు, ఆవిడ టొరంటోలో ఒక పెద్ద బ్యాంకులో డైరెక్టరు. అయినా ఆయనది ఒకటే పాట.

"నలుగురూ ఏమనుకుంటారు హైమా? మన వ్యాన్‌కేం తక్కువ, బంగారంలా నడుస్తోంది."

ఆ నలుగురు ఎవరో హైమావతికి పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతుపట్టలేదు. ఓక్‌విల్‌లో ఇల్లు కొన్నప్పుడు "ఏదో చిన్న కొంప" అని అందరికీ చెప్పాడు మహానుభావుడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు మేడ మీద గదులు చూసి నోరు వెళ్ళబెట్టారు. సరే, ఇంటి సంగతి పోనిద్దాం. ఆవిడ డైరెక్టరయిన వారం, తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో ఎవరో కదిపితే, "ఆఁ, తనకీ ఏదో ప్రమోషన్ వచ్చిందిలెండి" అనేసి గోంగూర వడ్డించుకున్నాడు. ఇంటికొచ్చాక అడిగితే, దిష్టి తగలకుండా అలా అన్నానన్నాడు. దిష్టి సంగతేమో గానీ, హైమావతికి ఆ 'ఏదో' తగిలింది. సార్నియా అనే చిన్న ఊళ్ళో చదువుకునే రోజుల్లో బస్సు లేక మంచులో నడిచి పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వెళ్ళిన మనిషి. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఊరికే 'ఏదో' అయిపోయి రాలేదు.

సంతకం పెడితే కారు వచ్చేస్తుంది. అది ఆవిడ చేతిలో పనే. కానీ మూతి ముడుచుకుని మొగుడు అనే 'సరే' ఆవిడకు అక్కర్లేదు. నా పెళ్ళాం సంపాదించింది, కొనుక్కుంది అని ఆయన నోరారా చెప్పాలి. చెప్పకపోతే ఈ కారూ వద్దు, ఈ గోలా వద్దు అని మనసులో గట్టిగా అనుకుంది.

శనివారం షోరూమ్ వాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కని కారు ఇచ్చి, సోమవారం దాకా ఉంచుకుని ఆలోచించుకోమన్నారు. ఇంటికి రాగానే, ఎవరి కంటా పడకుండా గరాజ్‌లో పెట్టేద్దామన్నాడు మల్లికార్జున్. గరాజ్‌లో చోటెక్కడేడ్చింది? వింటర్ టైర్లు, సోనామసూరి బస్తాలు, పాత ట్రెడ్‌మిల్లు. గత్యంతరం లేక కారు ఇంటి ముందే నిలబడింది.

ఆదివారం పొద్దున్నే బెల్ మోగింది. తలుపు తీస్తే పక్క వీధి యజ్ఞనారాయణ గారు, ఆయన భార్య జానకమ్మ గారు. కొడుకు దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొత్త కారు కొంటే ఆయన మంత్రం చదవనిదే అది రోడ్డెక్కదు. జానకమ్మ గారి చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు. హైమావతి వాళ్ళ భుజాల మీదుగా చూసి గతుక్కుమంది. కారు బానెట్ మీద అరచేయంత పసుపు స్వస్తిక్, చుట్టూ కుంకుమ బొట్లు. బెల్ కొట్టకముందే సగం పూజ కానిచ్చేశారు!

"ఏమయ్యా మల్లికార్జునా, ఇంత శుభవార్త దాస్తావా? వాకింగ్‌కి వెళ్తూ చూశాను కాబట్టి సరిపోయింది" అన్నారు పెద్దాయన, మల్లికార్జున్ వీపు తడుతూ. "నీ కష్టం ఊరికే పోలేదయ్యా!"

జానకమ్మ గారు హైమావతి బుగ్గలు పుణికారు.

"అదృష్టవంతురాలివి తల్లీ! ఇంత కార్లో కూర్చోబెట్టి తిప్పే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

హైమావతికి ఒళ్ళు మండింది. ఆఫీసులో ఒక ఫ్లోరు ఫ్లోరంతా తన మాట మీద నడుస్తుంది. ఇక్కడ ఏమనాలి? పెద్దావిడ, ప్రేమగానే అంది. తల దించుకుంది. తలెత్తేసరికి మల్లికార్జున్ తననే చూస్తున్నాడు. ఎప్పుడూ లేనిది, ఆయన ముఖం చిన్నబోయి ఉంది.

"యజమాని వచ్చి స్టీరింగ్ ముందు కూర్చోవాలి. రావయ్యా" అని పిలిచారు యజ్ఞనారాయణ గారు.

అప్పుడే మేడ మీంచి దిగివచ్చిన కూతురు మధుమిత గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓ మై గాడ్! డాడ్, దట్స్ నాట్ ఈవెన్ అవర్ కార్! ఇట్స్ ద డీలర్స్!"

పెద్దాయన చేతిలో కొబ్బరికాయ జారబోయింది. "రామ రామ! పరాయివాళ్ళ సొత్తుకు పూజ చేశానా!" అంటూ భుజం మీది కండువా తీసి బానెట్ తుడవబోయారు. తుడిచినకొద్దీ పసుపు పరుచుకుంది.

హైమావతి మొగుడి వంక చూసింది. ఇంతకన్నా మంచి సందు మళ్ళీ దొరకదు ఆయనకు. మాది కాదండీ, ఊరికే చూడ్డానికి తెచ్చాం అంటే చాలు, నలుగురి నోటి నుంచీ తప్పించుకోవచ్చు. అంటాడు, అనే తీరతాడు అనుకుంది.

మల్లికార్జున్ వెళ్ళి పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకండి అంకుల్. ఇవాళ్టికి షోరూమ్ వాళ్ళదే. రేపు కొంటున్నాం. కానీ యజమాని నేను కాదు."

"మరెవరయ్యా?"

"హైమ. తన సంపాదనతో కొనుక్కుంటోంది. మా హైమ బ్యాంకులో డైరెక్టరండీ. నాకన్నా పెద్ద ఉద్యోగం, నాకన్నా పెద్ద జీతం. ఇన్నాళ్ళూ నలుగురికీ చెప్పకుండా నోరు నొక్కుకున్నా. నాదే బుద్ధి తక్కువ." గొంతు ఎంత పెంచాడంటే, ఎదురింట్లో గడ్డి కోస్తున్న తెల్లాయన మిషన్ ఆపి చూశాడు.

హైమావతికి కళ్ళు చెమర్చాయి. అయినా ఊరుకుంటుందా? "ఇప్పుడు దిష్టి తగలదా?" అంది.

"తగిలితే తగలనీ! నిమ్మకాయలున్నాయిగా" అన్నాడు, తాళం ఆవిడ చేతిలో పెడుతూ.

ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. యజ్ఞనారాయణ గారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గోత్రం అడిగి సంకల్పం మొదలుపెట్టారు. అలవాటుగా "మల్లికార్జున నామధేయస్య, ధర్మపత్నీ సమేతస్య" దాకా వచ్చి టక్కున ఆగారు. ఎన్ని పూజల్లో విందో హైమావతి ఆ మాట! పేరు ఆయనది, తను వెనకాల సమేత. పెద్దాయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ కాసేపు కూడబలుక్కున్నారు. ఆపైన గొంతు సవరించుకుని, మొదటినుంచీ అందుకున్నారు.

"హైమావతీ నామధేయవత్యాః... పతి సమేతాయాః..."

జానకమ్మ గారు ముక్కున వేలేసుకున్నారు. మల్లికార్జున్ మాత్రం చెప్పులు విడిచి, తన పేరైనా రాని ఆ మంత్రానికి చేతులు జోడించి, వీధిలో అందరికీ కనబడేలా ఛాతీ విరుచుకుని సమేతంగా నిలబడ్డాడు.