మంచుతొట్టికి కొత్త మనిషి

భార్యకు క్యారేజీ ఇద్దామని వెళ్ళిన వడ్రంగి రొయ్యల షెడ్డు గేటు సందులోంచి చూడకూడనిది చూశాడు. మంచుతొట్టి ముందు నిలబడి పనిచేస్తున్న ఆమె చేతులు బయటికి తీసి చంకల్లో పెట్టుకుంది. మేస్త్రీ వచ్చాడు. కేకలెయ్యలేదు, తిట్టలేదు. ఎద్దును కాడి కిందికి తోలినట్టు, చేతికర్రతో ఆమె మణికట్ల మీద మెల్లగా తట్టాడు. చేతులు మళ్ళీ నీళ్ళలోకి పోయాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలెత్తలేదు.

తొడుగులుంటే వేళ్ళు చురుగ్గా ఆడవని కంట్రాక్టరు తొడుగులివ్వడు. సరుకు వెచ్చబడితే నల్లబడుతుందని మంచు తగ్గనివ్వడు. పగలగొట్టిన మంచు దిమ్మలు పడేది మొదటి తొట్టిలో. అందులోంచి రొయ్యలు దేవి, వలిచేవాళ్ళ బల్లల మీదికి అందించడం ఎప్పుడూ కొత్త మనిషి పని. ఇంకో కొత్తది వచ్చేదాకా ఆమెకు విడుదల లేదు. అందుకే అత్తలు కోడలి కోసం ఎదురుచూసినట్టు, షెడ్డంతా కొత్త మనిషి కోసం ఎదురుచూస్తుంది.

ఇంటికొచ్చాక ఆమె వేళ్ళు రవికె గుండీకి కూడా వంగేవి కావు. వడ్రంగే ముద్ద కలిపి నోట పెట్టేవాడు, జడ వేసేవాడు. రంపం పట్టిన చేతికి జడ అప్పగిస్తే చెక్కపేళ్ళే రాలతాయని మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. పని మానెయ్యమంటే, మానేసి ఏం తినాలని అడిగింది. జనమంతా ప్లాస్టిక్ కుర్చీలకు మరిగాక అతని ఉలికి పని లేదు. ఓర్చుకో, అలవాటవుతుంది అని చెప్పీ చెప్పీ అతని నోటికే రోత పుట్టింది.

గేటు దగ్గర ఆ దృశ్యం చూశాక ఉండబట్టలేక, ఆమెకు చెప్పకుండా కంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చేతులు కట్టుకుని, మా ఆడమనిషిని ఆ తొట్టి నుంచి తప్పించండి బాబూ అని బతిమాలాడు. కంట్రాక్టరు దయగానే విన్నాడు. ఆఫీసు తలుపు బిగుసుకుపోతోంది, కాస్త చూడమన్నాడు. వడ్రంగి తలుపుకు చిత్రిక పట్టి వచ్చాడు. దారిలో ఈల కూడా వేశాడు.

మర్నాడు ఆమెను బల్ల దగ్గరికి మార్చారు. ఆమెకు కాస్త ముందు పనిలో చేరిన పిల్లను మళ్ళీ తొట్టి దగ్గర నిలబెట్టారు. అందరూ పిట్ట అంటారు ఆ పిల్లను. కడుపుతో ఉంది. వారం తిరక్కముందే పిట్ట తొట్టి పక్కన జారి పడింది. సరుకు లాగే బండి మీదే బయటికి తోశారు. మేస్త్రీ నేల కడిగించి, తరువాత ఎవరని అడిగాడు. పిట్ట బతికింది. కడుపు నిలవలేదు.

ఆ సాయంత్రం ముద్ద పెట్టబోయిన అతని చేతిని ఆమె పక్కకు నెట్టింది.

"నన్నెందుకు మార్చారో ఇవాళ మేస్త్రీ చెప్పాడు. నువ్వు అడిగావట."

"నీ చేతులు చూస్తూ ఊరుకోలేకపోయానే."

"నా చేతులు చూశావు. నా తర్వాత ఎవరి చేతులో చూడలేదు."

ముద్ద కంచంలో పెట్టేసి, ఏం చెయ్యమంటావని అడిగాడు.

"నా కోసం ఎవర్నీ ఏమీ అడగొద్దు. సెలవు పూట అందరూ మనింటికొస్తారు. కూర్చోడానికి చోటు చెయ్యి."

అతను దూలాలు జరిపి పెరట్లో పలకలు పరిచాడు. ఆడవాళ్ళు వచ్చారు. మేం పడ్డాం, కొత్తవాళ్ళూ పడతారు అంది ఒకతె. ఒక్క తొట్టి కోసం అందరి కూడూ పోగొట్టుకుంటామా అంది ఇంకొకతె. వాడు లారీడు మందిని దింపితే మనం ఈగలు తోలుకోవాలి అంది మరొకతె. ఈయన ఇంకో తలుపు బాగుచేస్తే మనందరికీ తొడుగులొస్తాయని ఎవరో అంటే అందరూ నవ్వారు. వడ్రంగి ఆ నవ్వు మింగాడు.

షెడ్డులో అందరికంటే పాత మనిషి పెద్దమ్మ. ఆమె అప్పుడు వడ్రంగి భార్య వైపు తిరిగి నోరు విప్పింది.

"నా తర్వాతది వచ్చినరోజు నేను కడుపునిండా తిన్నానే. నువ్వొచ్చినరోజు పిట్టా అంతే. వాడికి కర్రెందుకు? ఒకళ్ళనొకళ్ళం మనమే తోసుకుంటున్నాంగా."

అందరికీ తొడుగులిచ్చి, తొట్టి దగ్గర వంతులు పెట్టేదాకా ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదని వడ్రంగి భార్య అంది. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమంది. ముందు పెద్దమ్మ ఎత్తింది. ఈగల మాట అన్నామె ఆఖర్న, తిట్టుకుంటూ ఎత్తింది.

మర్నాడు ఒక్కరూ పని ముట్టలేదు. మంచు కరిగింది. పొద్దెక్కేసరికి రొయ్యల తలలు నల్లబడ్డాయి. కంట్రాక్టరు గేటు బయటున్న వడ్రంగిని పిలిచి అందరూ వినేట్టు అన్నాడు.

"ఏమయ్యా, నువ్వడిగితే కాదన్నానా? చెప్పు నీ పెళ్ళానికి. రేపట్నుంచి ఆమెనే మేస్త్రీని చేస్తాను."

వడ్రంగి ఈసారి చేతులు కట్టుకోలేదు. "ఒక్కదాని కోసం అడిగి పసిగుడ్డును పొట్టన పెట్టుకున్నాను బాబూ. ఇంక మీతో మాట్లాడేది వాళ్ళందరూ."

జీపు వచ్చింది. ఎవరు మొదలుపెట్టారని పోలీసులు అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. మేస్త్రీ వడ్రంగి భార్య వైపు వేలు చూపించాడు. ఆమెను ఎక్కిస్తుంటే వడ్రంగి అడ్డం వెళ్ళాడు. లాఠీ భుజం మీద పడింది.

"నా వెంట రావద్దు," అంది ఆమె జీపులోంచి. "కంట్రాక్టరు లారీకి కబురు పెట్టాడు. వచ్చేవాళ్ళకి చెప్పు."

జీపు కదిలిన కాసేపటికే లారీ వచ్చింది. నిండా కొత్త ఆడవాళ్ళు, ఒళ్ళో మూటలు. మేస్త్రీ మొదట దిగిన పిల్ల జబ్బ పట్టుకుని తొట్టివైపు లాగాడు. వడ్రంగి భుజం నొక్కుకుంటూ అటు నడిచాడు. అతనికంటే ముందే పెద్దమ్మ ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది. ఆ తొట్టి ఎవరికోసమో చెప్పింది. పిట్ట సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అది వడ్రంగి చెప్పాడు, తను అడిగిన మాటతో సహా.

ఆ పిల్ల మేస్త్రీ పట్టు విడిపించుకుంది. లారీలో ఉన్నవాళ్ళకేసి చూసింది. మూటలు ఒక్కొక్కటే దిగి గేటు ముందు నేల మీద కూర్చున్నాయి.

సాయంత్రానికి సరుకు కంపు వీధి చివరిదాకా కొట్టింది. ఇంకో జీపు వచ్చింది. ఎవరు మొదలుపెట్టారని మళ్ళీ అడిగారు. ఈసారి ముందుగా లేచి నిలబడింది లారీ దిగిన ఆ కొత్త పిల్ల.