బంగారమ్మ వేళ్ళు, గౌతమి మోటారు

ఆ నీలం చున్నీ కూడా గౌతమికే బాగుంటుంది, తను వేసుకుంటే దండేనికి ఆరేసినట్టుంటుంది, అదే గౌతమి భుజం మీదైతే చున్నీ కూడా నవ్వుతున్నట్టుంటుంది, అనుకుంటూ దమయంతి జీడిపిక్కల బస్తాలకి ఆనుకుని నిలబడింది, ఉడికిన పిక్కల ఆవిరి గొంతులో గుచ్చుకుంటోంది, పలాసలో పుట్టి పెరిగినా ఈ ఘాటు అలవాటు కాలేదు, గౌతమికి మాత్రం దగ్గు కూడా రాదు, మావయ్య కూతురు గౌతమి, ఇద్దరిదీ టెక్కలిలో ఒకే డిప్లొమా, ఒకే బెంచీ, ఈ కొత్త మిషను మోటారుని నడిపే బోర్డు ఇద్దరూ కలిసి అతికారు, అయినా ఈ వేళ మిషను పక్కన నిలబడి అందరికీ చెప్తున్నది గౌతమి, వైర్ల సంచీ మోసుకొచ్చింది తను, కాలేజీ మేస్టారు గౌతమినే చెప్పమన్నారు, నీకు నోరు లేవదు కదమ్మా అని తనని చూసి నవ్వేరు, ఈ పరీక్ష బాగా జరిగితే విశాఖపట్నంలో మోటార్ల శిక్షణకి ఫేక్టరీ ఓనరు సీతారాం గారు పంపేది ఒక్కర్నే, ఆ ఒక్కరూ ఎవరో ఎవరూ అడగనక్కర్లేదు, ఇంతలో అమ్మ గొంతు, సూడండే, మా అన్నియ్య గుంటే సేసినాది, ఇంక కాలితో తొక్కక్కర్లేదంట, మోటారే కత్తిని దింపుతాదంట, అమ్మ బంగారమ్మ ఈ ఫేక్టరీలో పిక్కలు కోస్తుంది, కొత్త మిషను మీద మొదట కూర్చోమంటే మేనకోడలి మిషను అని ఎగిరి గంతేసి కూర్చుంది, పక్క పీట మీద బొడ్డమ్మ, నీకు కొడుకుంటే ఈ గుంటని ఇంటికే తెచ్చీసుకుందువు గదే అంది, అమ్మ నవ్వి, ఏటి సేత్తాం, ఉన్నది ఒక్క గుంట, అదీ నోట్లో మాట నోట్లోనే మింగీసే గుంట అంది, అందరూ నవ్వేరు, దమయంతి కూడా నవ్వింది, నవ్వకపోతే లోపల ఏడుస్తున్నట్టు తెలిసిపోతుందని.

మోటారు తిరిగింది, అమ్మ చేతులకి బూడిద రాసుకుని, జీడి రసానికి నల్లబడిపోయిన వేళ్ళతో పిక్కని కత్తి కింద పెట్టింది, కత్తి దిగింది, పిక్క రెండు చెక్కలై పప్పు బయటికొచ్చింది, ఎంత నున్నగా, దేవుడా ఎంత నున్నగా తిరుగుతోంది, ఆగిపోతే బాగుణ్ణు, ఛీ, ఆగిపోతేనే బాగుణ్ణు, సీతారాం గారు ఫోను తీసి, సూసారా, ఎన్ని పిక్కలు కోసిందో నా ఫోనుకే వచ్చీసింది, ఫేక్టరీ మొత్తం నా బొటనేలి కిందున్నాది అని మీసం దువ్వేరు, సరిగ్గా అప్పుడే కత్తి ఒక్కసారి ఎక్కిళ్ళు వచ్చినట్టు తుళ్ళింది, ఎవరూ చూడలేదు, అందరూ ఫోను చూస్తున్నారు, కొత్త గదా, బెదురుతున్నాది అంది అమ్మ, బెదురు కాదు, దమయంతికి తెలుసు, గోరంత చిప్పు, లోపల రెండు కోర్లు, అంటే రెండు బుర్రలు, మోటారుకి ఏ క్షణాన ఎంత కరెంటు వదలాలో రెప్పపాటులో వందలసార్లు లెక్క కట్టడం ఒక పని, ఫోను అడిగినప్పుడల్లా జవాబు పంపడం ఇంకో పని, ఒక బుర్రని మోటారుకే వదిలేద్దాం వదినా, ఫోను సంగతి రెండోది చూసుకుంటుంది అని ల్యాబులో తనే అంది, మెల్లిగా అంది, ఒక్కసారే అంది, ఒకటి సాల్దేటే, తిరుగుతున్నాది కదా అని గౌతమి అన్నీ ఒక్కదాని మీదే పెట్టీసింది, ల్యాబులో ఖాళీ మోటారు, ఫోను ఊరికే తీసి చూసేవాళ్ళు లేరు, ఇక్కడ సీతారాం గారు వచ్చినవాళ్ళందరికీ తీసి చూపిస్తారు, మళ్ళీ తీసేరు, మళ్ళీ తుళ్ళింది, దమయంతి గుండెలో బెల్లంముక్క పెట్టినట్టు తియ్యగా ఉంది, ఇంకొక్కసారి, పెద్దగా, అందరూ చూసేలాగ, గౌతమి మొహంలో ఆ నవ్వు ఎలా జారిపోతుందో, మేస్టారు ఏమంటారో, అమ్మ అప్పుడేమంటుందో, అమ్మ,

అమ్మ వేళ్ళు కత్తి కిందున్నాయి, పిక్క అడ్డం తిరిగిందేమో వేలితో సర్దుతోంది, సీతారాం గారు ఇలా రండి మీరూ సూడండి అంటూ జేబులో చెయ్యి పెడుతున్నారు, ఎప్పట్నుంచి ఉన్నాయి ఆ వేళ్ళు అక్కడ, మొదట్నుంచీ ఉన్నాయి, తను చూడలేదు, తను గౌతమి మొహం చూస్తూ ఉంది, ఫోను బయటికొస్తోంది, అమ్మా సెయ్యి తియ్యే అన్న కేక ఎవరిదో అనుకుంది, తనదే, బస్తాలు దాటి ఎప్పుడొచ్చిందో, అరచెయ్యి ఎర్ర బటను మీద ఉంది, మోటారు మూలిగి ఆగిపోయింది, అందరూ తననే చూస్తున్నారు, ఏటే దమ్మూ, ఏటయింది అంది గౌతమి, వదినా, ఫోను తీసినప్పుడల్లా కత్తి తుళ్ళుతున్నాది, రెండు పనులూ ఒక్క కోరు మీదే ఉన్నాయి, అంతే అనగలిగింది, గౌతమి మిషన్ని చూసింది, సీతారాం గారి ఫోన్ని చూసింది, మొహం పాలిపోయింది, అదిగో, చూడాలనుకున్న మొహం అదే, తియ్యగా లేదు, గౌతమి దగ్గరికొచ్చి ఎవరికీ వినపడకుండా అడిగింది, నీకెప్పుడు తెలిసిందే, ఇప్పుడే అనేస్తే సరిపోయేది, నోటి దాకా వచ్చింది కూడా, మొదటిసారి తుళ్ళినప్పుడే, వదినా, అంది దమయంతి, గౌతమి సీతారాం గారి దగ్గరికెళ్ళి ఆయన చేతిలో ఫోను తీసుకుని, తప్పు నాది బాబూ, ఇది సరిసేసే దాకా ఎవరూ కూకోకూడదు అని గట్టిగా చెప్పింది, అది కూడా గౌతమే చెప్పగలదు.

అమ్మ రెండు చేతులూ ఎత్తి చూపించి, ఏడుస్తావేటే, నా ఏళ్ళు నా దగ్గరే ఉన్నాయి, కావాలంటే లెక్కెట్టుకో అంది, బొడ్డమ్మ పకపకా నవ్వింది, నీ గుంటకి నోరుందే బంగారీ అంది, దమయంతి ఆ వేళ్ళు పట్టుకుంది, నల్లగా, బూడిద బూడిదగా, వెచ్చగా ఉన్నాయి, పట్టుకుని వదల్లేదు, ఎవరికో జవాబు చెప్పుకుంటూ, దింపుతున్న కత్తినీ, దాని కింద వేళ్ళనీ మరిచిపోయింది ఆ గోరంత చిప్పు ఒక్కటే కాదని, తనూ అని తెలిసింది.